పదే పదే రీసెట్ అవుతున్న జెడ్80 ఆర్కేడ్ బోర్డు, దాని మీద నడవాల్సిన నా కొత్త ఆట

పాతతెర

అందరికీ నమస్కారం. వృత్తిరీత్యా నేను ప్రోగ్రామర్‌ను. పగలంతా ఎక్కడో ఉన్న సర్వర్లలో నడిచే, నా చేతికి ఎన్నడూ తగలని ప్రోగ్రాములు రాస్తుంటాను. అందుకేనేమో, కొన్నేళ్లుగా నా సాయంత్రాలు పాత ఆర్కేడ్ యంత్రాల బోర్డులు బాగుచేయడంలో గడిచిపోతున్నాయి. ఇంతవరకు నాలుగు బోర్డులు మళ్లీ ఆడే స్థితికి వచ్చాయి. ఐదోది మాత్రం రెండు వారాలుగా లొంగడం లేదు.

ఇది 1980 నాటి పాక్-మాన్ హార్డ్‌వేర్. 3.072 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే జెడ్80 ప్రాసెసర్, ఒక్కొక్కటి 4 కిలోబైట్ల చొప్పున నాలుగు ప్రోగ్రామ్ రోమ్‌లు (ప్రోగ్రామును శాశ్వతంగా దాచే చిప్పులు), దృశ్యానికి, రంగులకు, పనికి ఒక్కో కిలోబైటు రామ్ (కరెంటు ఉన్నంతసేపే నిలిచే జ్ఞాపకం) ఇందులో ఉన్నాయి. కరెంటు ఇవ్వగానే తెర నిండా అర్థం లేని అక్షరాలు, రంగు గడులు వస్తాయి. అవి కళ్లు నిలిపి చూసేలోపే చెదిరిపోయి మరో రకం గందరగోళం వస్తుంది. సెకనుకు దాదాపు నాలుగు సార్లు ఇదే తంతు. ప్రోగ్రామ్ 16 ఫ్రేముల (తెర మీద గీసే నిండు బొమ్మల) పాటు పలకకపోతే వాచ్‌డాగ్ సర్క్యూట్ ప్రాసెసర్‌ను మళ్లీ మొదటికి తెస్తుంది కాబట్టి, నేను చూస్తున్నది దాని పనేనని లెక్క సరిపోతోంది. రోమ్‌లు నాలుగూ తీసి చదివి చెక్‌సమ్‌లు (లోపలి విలువల మొత్తాలు) పోల్చాను, తేడా లేదు. ప్రాసెసర్‌ను మరో బోర్డులో పెట్టి చూశాను, అక్కడ నిక్షేపంగా పనిచేసింది.

ఈ బోర్డు మీద నాకు ఇంకో ఆశ కూడా ఉంది. ఇదే హార్డ్‌వేర్ కోసం ఒక కొత్త ఆట రాస్తున్నాను. చిక్కుదారుల్లో నీరు గడి గడిగా పెరుగుతుంటే ఆటగాడు తలుపులు మూసుకుంటూ బయటపడాలి. ఎమ్యులేటరులో (బోర్డును అనుకరించే కంప్యూటరు ప్రోగ్రాములో) ఆట చక్కగా నడుస్తోంది. అసలు బోర్డు మీద నడిస్తే తప్ప అది పూర్తయిందని నాకు అనిపించదు. ఇక ఎక్కడ వెతకమంటారు?

టంకంచుక్క

పాతతెర గారూ, మీరు రోమ్‌లు చూశారు, ప్రాసెసర్ చూశారు, కానీ వోల్టేజీ గురించి ఒక్క మాట కూడా రాయలేదు. ప్రోగ్రామర్లు ఈ వ్యాపకంలోకి వచ్చినప్పుడు చేసే మొదటి పొరపాటు ఇదేనని నా అనుభవం. కరెంటు సరిగ్గానే ఉంటుందన్న నమ్మకంతో తిన్నగా తర్కంలోకి దిగిపోతారు.

ఆ కాలపు టీటీఎల్ రకం లాజిక్ చిప్పులకు 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. అంతకంటే తగ్గితే అవి పూర్తిగా ఆగిపోవు, అబద్ధాలు చెప్పడం మొదలుపెడతాయి. కొలిచేటప్పుడు పవర్ సప్లై దగ్గర కాకుండా, దానికి అన్నిటికంటే దూరంగా ఉన్న చిప్పు కాళ్ల మీదనే మీటరు పెట్టండి. మీ బోర్డు తక్కువ వోల్టేజీ ఏసీని తీసుకుని తనంతట తానే 5 వోల్టులుగా మార్చుకునే రకం. ఆ కరెంటంతా 44 పిన్నుల అంచు కనెక్టరులో రెండు మూడు పిన్నుల గుండానే వస్తుంది. దశాబ్దాల వేడికి అక్కడి పూత నల్లబడి నిరోధం పెరగడం, పెరిగిన నిరోధం మరింత వేడిని పుట్టించడం ఇలాంటి బోర్డులన్నిటిలోనూ కనిపించేదే. మీటరును ఏసీ మీద పెట్టి 5 వోల్టుల లైనులో అలలు ఉన్నాయేమో కూడా చూడండి. అలలు కనిపిస్తే ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయిందని అర్థం.

కొత్తగాచేరాను

నేను ఈ రంగానికి కొత్త. రామ్ చిప్పులు ఆరే కదా, ఆరూ తీసేసి కొత్తవి పెట్టేస్తే సగం అనుమానం తీరిపోదా?

ఎనిమిదిబిట్లు

దయచేసి అలా చేయవద్దు. ఆరు చిప్పులంటే 108 కాళ్లు. నలభై ఏళ్లు దాటిన బోర్డు మీద 108 చోట్ల టంకం కరిగిస్తే, రాగి గీతలు ఎక్కడో ఒకచోట లేచిపోక మానవు. అప్పుడు ఒక్క లోపం ఉన్న బోర్డు రెండు లోపాల బోర్డు అవుతుంది, రెండోది మీరు చేసిపెట్టినది. ఏ చిప్పు పోయిందో నిర్ధారించుకున్నాకే దాన్ని తీయాలి. పోయిందని తేలిన చిప్పును కాపాడుకోవలసిన పని లేదు కనుక, కాళ్లు కత్తిరించి శరీరాన్ని తీసేసి, తర్వాత ఒక్కో కాలినీ విడిగా లాగితే బోర్డుకు హాని జరగదు.

పాతతెర గారూ, మీరు ప్రోగ్రామర్ కనుక మీకు నచ్చే దారి ఒకటి ఉంది. మొదటి రోమ్ స్థానంలో పెట్టేందుకు మీరే ఒక పరీక్ష ప్రోగ్రామ్ రాసుకోండి. దానికి ఒకే ఒక్క నియమం: రామ్‌ను ఎక్కడా నమ్మకూడదు. అంటే సబ్‌రొటీన్‌ను (విడిగా రాసిపెట్టుకున్న చిన్న ప్రోగ్రామ్ ముక్కను) పిలవకూడదు, ఎందుకంటే పిలిచిన మరుక్షణం తిరుగు చిరునామా స్టాక్‌లోకి (తాత్కాలికంగా దాచుకునే చోటికి) వెళుతుంది, స్టాక్ ఉన్నది మీరు అనుమానిస్తున్న రామ్‌లోనే. ఇంటరప్ట్‌లు (నడుస్తున్న పనిని మధ్యలో ఆపే పిలుపులు) కూడా ఆపి ఉంచాలి. తిరిగి రావలసిన చిరునామాను ప్రాసెసర్ లోపలే ఉండే ఐఎక్స్ రిజిస్టరులో పెట్టుకుని, పని కాగానే అందులో ఉన్న చోటికి గెంతితే సరిపోతుంది. లెక్కలన్నీ రిజిస్టర్లలోనే జరగాలి.

రామ్‌లోని ప్రతి గడిలో 55 రాసి చదవండి, తర్వాత ఏఏ రాసి చదవండి, రెండూ హెక్సా (పదహారు ఆధారం) సంఖ్యలే. ఇది అతుక్కుపోయిన బిట్లను పట్టుకుంటుంది. చిరునామా లైను తెగిపోయి ఉంటే మాత్రం ఈ పరీక్షకు అది దొరకదు, ఎందుకంటే అన్ని గడుల్లోనూ ఒకే విలువ ఉన్నప్పుడు తప్పు గడిని చదివినా సరైన జవాబే వస్తుంది. అందుకని ప్రతి గడిలో దాని చిరునామా నుంచి పుట్టించిన విలువను రాసి, అంతా నింపాక మొదటి నుంచి చదివి పోల్చండి. మధ్యలో వాచ్‌డాగ్‌ను పలకరించడం మరచిపోవద్దు, లేకపోతే మీ పరీక్షే నడిమధ్యలో రీసెట్ అవుతుంది.

ఫలితం తెర మీద చూపాలని ప్రయత్నించకండి, తెర కూడా ముద్దాయిల్లో ఒకటి. స్టార్ట్ బటన్ల దీపాలు రెండింటికీ విడివిడి చిరునామాలున్నాయి. వాటిని వెలిగించి ఆర్పితే చాలు. ఈ బోర్డు రామ్‌లో ఉన్న 2114 రకం చిప్పు ఒక్కొక్కటి గడికి నాలుగు బిట్లే దాచుకుంటుంది కాబట్టి కిలోబైటుకు రెండు చిప్పులు కావాలి. కింది నాలుగు బిట్లలో తప్పు వస్తే ఎడమ దీపం, పై నాలుగు బిట్లలో వస్తే కుడి దీపం వెలిగేలా రాస్తే తప్పు ఏ చిప్పుదో తిన్నగా తెలిసిపోతుంది.

పాతతెర

టంకంచుక్క గారికి నమస్కరించి ఒప్పుకుంటున్నాను. దూరపు చిప్పు దగ్గర 4.58 వోల్టులు ఉన్నాయి! కనెక్టరు విప్పి చూస్తే రెండు పిన్నులు బొగ్గులా ఉన్నాయి. బోర్డు అంచును శుభ్రం చేసి, ఆ పూతకు పలుచగా టంకం పట్టించి, కనెక్టరు కొత్తది వేశాను. ఇప్పుడు అదే చిప్పు దగ్గర 5.02 వోల్టులు వస్తున్నాయి. మొదట్లో తెర మీద గడులు వణికేవి, ఇప్పుడు నిలకడగా కనిపిస్తున్నాయి. రీసెట్ మాత్రం ఆగలేదు. పరీక్ష ప్రోగ్రామ్ ఈ రాత్రికి మొదలుపెడతాను.

ఒక మాట అడగాలి. ఇకపై బోర్డును క్యాబినెట్‌లోనే ఉంచి పరీక్షించాలనుకుంటున్నాను. మానిటరు పక్కనే చేతులు పెట్టాల్సి వస్తుంది. ఏమైనా జాగ్రత్తలున్నాయా?

తెరవెనుక

ఉన్నాయి. పిక్చర్ ట్యూబు మానిటర్లే నా వ్యాపకం కనుక ఇది నేనే చెప్పాలి.

రంగుల పిక్చర్ ట్యూబు ఆనోడ్ దగ్గర 20 వేల వోల్టుల పైచిలుకు ఉంటుంది. ట్యూబు గాజే ఒక కెపాసిటర్‌లా పనిచేసి, ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా ఆ ఛార్జిని పట్టి ఉంచుతుంది. మానిటరు పలకను తాకే పని ఉంటే ముందు ప్లగ్గు తీయండి. పొడవైన స్క్రూడ్రైవరు లోహభాగానికి ఒక వైరు తగిలించి, ఆ వైరు రెండో కొసను ట్యూబు వెనుక చుట్టి ఉన్న జడ లాంటి ఎర్త్ తీగకు బిగించండి. ఒక చేతిని వెనక్కి పెట్టుకుని, స్క్రూడ్రైవరు మొనను ఆనోడ్ రబ్బరు టోపీ కిందికి జరపండి. టప్పుమని చప్పుడు రావచ్చు, రాకపోవచ్చు. కొద్ది నిమిషాల తర్వాత మరోసారి చేయండి, ఎందుకంటే గాజులో మిగిలిన ఛార్జి మళ్లీ పేరుకుంటుంది. బోర్డుతో మాత్రమే పని ఉంటే ఇవన్నీ అక్కరలేదు, కానీ మోచేయి ట్యూబు మెడకు తగలకుండా చూసుకోండి. మెడ విరిగితే గాలి లోపలికి పోతుంది, ఆ ట్యూబు కథ అక్కడితో ముగుస్తుంది.

చాలా మానిటర్ల పలక నేరుగా మెయిన్స్‌కు కలిసి ఉంటుంది. క్యాబినెట్‌లోని ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను (మెయిన్స్ నుంచి వేరుచేసే ట్రాన్స్‌ఫార్మర్‌ను) తప్పించి బల్ల మీద పెట్టి నడిపితే ప్రమాదం పలకంతా పాకి ఉంటుంది. మీ బోర్డుకు ఆస్కిలోస్కోపు (సంకేతాన్ని గీతగా చూపే పరికరం) తగిలించేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి.

కొత్తగాచేరాను

ఇదంతా చదివాక అడుగుతున్నాను. ట్యూబు తీసేసి ఎల్‌సీడీ తెర పెట్టుకోవచ్చు కదా?

తెరవెనుక

పెట్టుకోవచ్చు, నేను మాత్రం పెట్టను. ఈ బోర్డు పిక్సెల్ గడియారం 6.144 మెగాహెర్ట్జ్. ఒక్కో గీతకు 384 గడియలు (ఆ గడియారపు టిక్కులు), ఫ్రేముకు 264 గీతలు. అంటే అడ్డగీతల పౌనఃపున్యం 16 కిలోహెర్ట్జ్, ఫ్రేములు సెకనుకు 60.6. మామూలు కంప్యూటరు తెర దీన్ని నేరుగా తీసుకోలేదు కనుక మధ్యలో మార్పిడి పలక కావాలి. ఫ్రేమును నిల్వ చేసుకుని మార్చే పలక అయితే మీటకూ కదలికకూ మధ్య ఆలస్యం వచ్చి చేరుతుంది. చిక్కుదారి మలుపుల ఆటలో ఆ ఆలస్యం చేతికి తెలుస్తుంది.

పాతతెర

పరీక్ష ప్రోగ్రామ్ పూర్తయింది. రాయడానికి పట్టిన సమయం కంటే దాన్ని చిప్పులోకి ఎక్కించడానికే ఎక్కువ పట్టింది. నా దగ్గరున్న ఎప్రోమ్ (చెరిపి మళ్లీ రాయగల రోమ్) 2732ఏ రకం. దానికి రాత వోల్టేజీ 21 ఉండాలి, నేను పాత 2732 అనుకుని 25 ఇచ్చాను. ఒక చిప్పు వృథా అయింది. పేరు చివర ఒక్క అక్షరాన్ని నిర్లక్ష్యం చేసినందుకు తగిన శాస్తి.

రెండో చిప్పుతో ఫలితం వచ్చింది. దృశ్యపు రామ్ బాగుంది, రంగుల రామ్ బాగుంది. పని రామ్ దగ్గరకు రాగానే ఎడమ దీపం మిణుకుమంది, అంటే కింది నాలుగు బిట్ల చిప్పు. విచిత్రమేమిటంటే అది 55, ఏఏ పరీక్షలు రెండింటిలోనూ నెగ్గి, చిరునామా పరీక్షలో ఓడింది. ఎనిమిదిబిట్లు గారు ఆ మూడో పరీక్ష గురించి చెప్పకపోయి ఉంటే రామ్ నిర్దోషి అని తేల్చేసి, నేను ఇప్పటికీ ఇంకెక్కడో వెతుకుతూ ఉండేవాణ్ణి. చిరునామా పిన్ను దగ్గర స్కోపు పెట్టి చూస్తే సంకేతం చిప్పు కాలి వరకు సవ్యంగానే వస్తోంది, కనుక తీగ తెగలేదు, లోపం చిప్పు లోపలిదే. కాళ్లు కత్తిరించి తీసి, సాకెట్ వేసి, మరో 2114 పెట్టాను. అసలు రోమ్‌లు తిరిగి పెట్టి కరెంటు ఇస్తే చిక్కుదారి, నాలుగు దయ్యాలు, అన్నీ వచ్చేశాయి.

టంకంచుక్క

చాలా సంతోషం. రామ్ లోపం నిజమైనదే, కానీ వోల్టేజీ సరిచేయకుండా ఆ పరీక్ష నడిపి ఉంటే మీ దీపాలు ప్రతిసారీ వేరే చిప్పును చూపించి ఉండేవి. ఆ వరుస గుర్తుంచుకోండి.

పాతతెర

బోర్డు బాగుపడింది, ఇప్పుడు నా వంతు వచ్చింది. నా ఆటను ఎప్రోమ్‌లలోకి ఎక్కించి పెట్టాను. మూడుసార్లు వేస్తే రెండుసార్లు చక్కగా మొదలవుతోంది, మూడోసారి స్తంభించిపోతోంది. స్తంభించే చోటు కూడా ఒక్కోసారి ఒక్కోలా ఉంటోంది. వాచ్‌డాగ్ రీసెట్ కూడా జరగడం లేదు, బొమ్మ అలాగే నిలిచిపోతోంది. ఎమ్యులేటరులో వందల సార్లు నడిపాను, ఒక్కసారి కూడా ఇలా జరగలేదు. రామ్ పరీక్ష మళ్లీ నడిపాను, అన్నీ నెగ్గాయి.

ఎనిమిదిబిట్లు

ఈసారి బోర్డును అనుమానించకండి. మీ రాతలో రెండు చోట్ల చూడమంటాను.

మొదటిది, వాచ్‌డాగ్‌ను ఎక్కడ పలకరిస్తున్నారు? ఫ్రేము ఇంటరప్ట్‌లో పలకరిస్తుంటే అది కాపలా కుక్కకు మత్తు పెట్టినట్లే. ప్రధాన వలయం (ఆటను పదే పదే తిప్పి నడిపే భాగం) ఎక్కడో ఇరుక్కుపోయినా ఇంటరప్ట్ మాత్రం వస్తూనే ఉంటుంది, అంతా క్షేమమని చెబుతూనే ఉంటుంది. పలకరింపు ప్రధాన వలయంలోనే ఉండాలి.

రెండోది, మొదలుపెట్టేటప్పుడు పని రామ్‌ను సున్నాలతో నింపుతున్నారా? మీ ఎమ్యులేటరు ఆ పని మీకు చెప్పకుండానే చేసి ఉండవచ్చు. నిజమైన 2114 కరెంటు రాగానే తనకు తోచిన విలువలతో నిద్రలేస్తుంది. వేసిన ప్రతిసారీ ప్రవర్తన మారుతోందంటే నా అనుమానం దీని మీదే.

పాతతెర

రెండూ నిజమే. ఎక్కడ దాచుకోవాలో తెలియడం లేదు.

నీరు పారవలసిన గడుల వరుసకు తలను, తోకను సూచించే రెండు బైట్లున్నాయి. తలకు తొలి విలువ ఇచ్చాను, తోకకు ఇవ్వలేదు. ఎమ్యులేటరులో అది సున్నాగా ఉండడం వల్ల అన్నీ సరిపోయాయి. అసలు బోర్డు మీద అది ఏ విలువతో లేస్తే అక్కడి నుంచి లేని గడులను చదువుతూ, చివరికి స్టాక్ మీద కూడా నీరు పారించింది. ప్రోగ్రామ్ మొట్టమొదట్లోనే, స్టాక్ వాడకముందే, రామ్ మొత్తాన్ని తుడిచే పది పన్నెండు బైట్లు చేర్చాను. పలకరింపును ప్రధాన వలయంలోకి మార్చాను. ఇప్పటికి నలభై సార్లు ఆపి వేశాను, ఒక్కసారి కూడా ఆగలేదు. ఎమ్యులేటరులో కూడా రామ్‌ను యాదృచ్ఛిక విలువలతో నింపి మొదలయ్యేలా ఒక చిన్న మార్పు చేసుకున్నాను.

ఇంకొక చిక్కు మిగిలింది. ఐదో దశలో నీరు సగం తెర దాటాక ఆట ఒక్కసారిగా సగం వేగానికి పడిపోతోంది. ఇది ఎమ్యులేటరు దాచిన లోపం కాదు, అక్కడ కూడా ఇలాగే అవుతోంది, నేనే ఎప్పుడూ మూడో దశ దాటి ఆడలేదు.

కొత్తగాచేరాను

స్పేస్ ఇన్వేడర్స్‌లో కూడా ఇలాంటిదే కదా? శత్రువులు ఎక్కువగా ఉంటే ఫ్రేము సమయం చాలక ఆట మొత్తం నెమ్మదిస్తుందని, వాళ్లు తగ్గేకొద్దీ వేగం పుంజుకుంటుందని ఎక్కడో చదివాను.

ఎనిమిదిబిట్లు

సగమే నిజం. 1978లో తొమొహిరో నిషికడో రూపొందించిన ఆ ఆటలో ఇంటెల్ 8080 ప్రాసెసర్ 2 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. బొమ్మలను పక్కకు జరిపి గీయడానికి దానికి విడిగా ఒక షిఫ్ట్ సర్క్యూట్‌ను కూడా జోడించారు. 55 మంది శత్రువులను ఒకే ఫ్రేములో గీయడం సాధ్యం కాదు కనుక ప్రోగ్రామ్ ఫ్రేముకు ఒక్కరిని మాత్రమే జరుపుతుంది. 55 మంది ఉన్నప్పుడు గుంపు ఒక అడుగు వేయడానికి 55 ఫ్రేములు పడతాయి, ఒక్కడే మిగిలితే ప్రతి ఫ్రేములోనూ కదులుతాడు. ఆటగాడి తుపాకీ, గుళ్లు మాత్రం మొదటి నుంచి చివరి వరకు ఒకే వేగంతో ఉంటాయి. ఫ్రేము చాలక ఆట మొత్తం నెమ్మదించడం వేరు, పనిని ఫ్రేములకు పంచడం వేరు.

పాతతెర గారికి కావలసింది కూడా ఇదే. మీ ప్రాసెసర్‌కు ఒక ఫ్రేములో 50,688 గడియలు దొరుకుతాయి. చిక్కుదారి 28 నిలువు వరుసలు, 31 అడ్డు వరుసలు అనుకుంటే 868 గడులు. ఒక్కో గడికి నాలుగు వైపులా పొరుగును చూడడానికి వంద గడియలే పట్టినా మొత్తం 86,800 అవుతుంది. ఒక ఫ్రేములో పట్టని పని రెండో ఫ్రేములోకి జారుతుంది. మీకు సగం వేగం కనిపిస్తున్నది అందుకే.

పాతతెర

అలాగే మార్చాను. మొత్తం తెరను వెతకడం మానేసి, నీటి అంచున ఉన్న గడులను మాత్రమే వరుసలో పెట్టి, ఫ్రేముకు 24 చొప్పున చూస్తున్నాను. ఎంత నీరు ఉన్నా ఆటగాడి నడక ఇప్పుడు తొణకడం లేదు.

అనుకోకుండా మరొకటి జరిగింది. ఆటగాడు తలుపులు మూసేకొద్దీ నీటి అంచు కురచ అవుతుంది, వరుసలో గడులు తగ్గుతాయి, కనుక మిగిలిన ఇరుకు దారిలో నీరు మునుపటి కంటే చురుగ్గా దూసుకొస్తోంది. మొదట దీన్ని లోపంగా చూసి, వేగాన్ని సమం చేసే రాత కూడా రాశాను. రెండూ ఆడి చూశాక ఆ రాతను తీసేశాను. తలుపు మూసిన ప్రతిసారీ ఊపిరి పీల్చుకునే బదులు పరుగు అందుకోవలసి రావడంతో ఐదో దశ ఇప్పుడే ఆటలా ఉంది.

టంకంచుక్క

ఎప్రోమ్‌ల గాజు కిటికీల మీద అడ్డుపట్టీ అంటించారా? క్యాబినెట్ వెనుక తలుపు తీసి ఎండ పడే చోట పెడితే రాసినదంతా కొంతకాలానికి మాసిపోతుంది.

పాతతెర

అంటించాను. నాలుగింటి మీద ఆట పేరు, కూర్పు సంఖ్య రాశాను. ఐదో దాని మీద రామ్ పరీక్ష అని రాసి, ఈ క్యాబినెట్ లోపలే ఒక మూల అతికించి ఉంచాను. తర్వాత దీన్ని తెరిచేవాళ్లు ఎవరైనా వాళ్లకు మొదట కావలసింది అదే.

కొత్తగాచేరాను

ఆ పరీక్ష ప్రోగ్రామ్ మూలరూపం ఇక్కడ పెడతారా? నేను కూడా ఒక బోర్డు తెచ్చుకున్నాను. వోల్టేజీ కొలిచాను, 5.06 ఉంది.

పాతతెర

రేపు సాయంత్రం వ్యాఖ్యలన్నీ శుభ్రం చేసి పెడతాను. ఈలోగా మీ రోమ్‌లు అన్నీ చదివి నకళ్లు దాచుకోండి, చిప్పు ఏ సాకెట్‌లోంచి తీశారో దాని మీదే రాసుకోండి.